ఏ డిస్కు కొనాలి? ఎవరి మాట నమ్మాలి?

వీహెచ్‌ఎస్, వీసీడీ, డీవీడీ, హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే... ఇంటి తెర కోసం కంపెనీలు కొట్లాడుకున్న ప్రతిసారీ కొనేవాడి ముందు రెండు డబ్బాలు, రెండు రకాల మాటలు ఉన్నాయి. ఆ మాటల్లో ఏవి రుజువుకు నిలిచాయి? గట్టు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇండ్లలోని పెండ్లి వీడియోలకు అందులో పనికొచ్చేది ఏముంది?

కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న గట్టు మండలంలో చాలా ఇండ్లలో కుటుంబ చరిత్ర నాలుగు రూపాల్లో ఉంటుంది. పెద్దకొడుకు పెండ్లి నల్లటి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో, బిడ్డ పెండ్లి మూడు వీసీడీల్లో, చిన్నకొడుకు పెండ్లి డీవీడీలో, మనవరాలి పుట్టువెంట్రుకలు పెన్‌డ్రైవ్‌లో. వీటిలో ఇప్పుడు ఎన్నింటిని చూడగలరని అడిగితే వచ్చే జవాబు తరచుగా ఒక్కటే: చివరిది.

గద్వాల ఫొటో స్టూడియోల్లో ఈ మాట కొత్తది కాదు. “అన్నా, సీడీ ఆడుతలేదు. పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి ఇయ్యరాదే?” అని పడుచోడు అడుగుతాడు. “ఇచ్చిపో తమ్మీ, మిషిన్ల ఏసి సూస్త. గీతలు పడకుంటే వస్తది” అని స్టూడియో అన్న డిస్కును వెలుతురుకు పట్టి చూస్తాడు.

ఆ డిస్కును ఎంచుకున్న రోజున ఆ కుటుంబం ఒక తీర్పు ఇచ్చింది. దుకాణదారు చెప్పిన మాట, డబ్బా మీది అక్షరాలు, పక్కింటోళ్లు కొన్న మిషిన్ ఆ తీర్పుకు ఆధారాలు. వేల కోట్ల పెట్టుబడి పెట్టిన తోషిబా, సోనీ వంటి కంపెనీలు కూడా ఇలాంటి తీర్పులే ఇచ్చాయి, దెబ్బ తిన్నాయి. గద్వాల చీర ఎరిగినవాళ్లు ముందు కొంగు మెరుపు చూడరు. నూలు ఒడలికి పట్టు అంచు కలిసినచోట వేలితో తడిమి, తిరగేసి చూస్తారు. డిస్కుల విషయంలో కూడా తిరగేసి చూడాల్సినచోటు ఒకటుంది.

డెక్కుల రోజులు

పాలమూరు పల్లెలకు తెర మీది బొమ్మ ముందుగా ఆకాశం నుంచే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా దేశంలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చూపిన ‘సైట్’ ప్రయోగంలో నాటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా ఒక భాగం. అప్పుడు ఊరంతటికీ ఒకటే టీవీ, వచ్చిందే చూడాలి. ఏది కొనాలన్న ప్రశ్న 1982 ఏషియన్ క్రీడలతో కలర్ టీవీ, ఆ వెనకాలే వీసీఆర్ వచ్చాక మొదలైంది. పట్నం నుంచి టీవీని, డెక్కును ఒక రాత్రికి కిరాయికి తెచ్చి, వాడకట్టంతా తెల్లవార్లు రెండు మూడు సినిమాలు చూసిన కాలమది.

అప్పటికే ప్రపంచంలో ఒక పోరు సాగుతోంది. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చింది, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. బీటామ్యాక్స్ బొమ్మే మేలన్న మాట నేటికీ వినిపిస్తుంది. మొదటి బీటామ్యాక్స్ క్యాసెట్‌లో పట్టేది ఒక గంట, మొదటి వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు. నిడివి పెంచడానికి సోనీ టేపు వేగం తగ్గించింది. బొమ్మలో ఉన్న కొద్దిపాటి ఆధిక్యం దాంతోనే కరిగిపోయింది. అంటే ‘బొమ్మ మేలు’ అన్న మాట ఒక వేగానికి, ఒక మోడల్‌కు, ఒక ఏడాదికి నిజం. దాన్ని అన్ని కాలాలకూ అంటగట్టడం సరికాదు.

మన దగ్గరికి మిషిన్లు వచ్చేనాటికి రెండు రకాల క్యాసెట్లలోనూ పూర్తి సినిమా పట్టేది. అయినా ఇక్కడి వీడియో లైబ్రరీల అరలు వీహెచ్‌ఎస్‌తోనే నిండాయి. గద్వాలలోనో రాయచూరులోనో డెక్కు కిరాయికి తెచ్చే మనిషికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఆడించడానికి సినిమా లేని మిషిన్ ఎంత మంచిదైనా ఇంట్లో ఖాళీ పెట్టె. 1988లో సోనీయే వీహెచ్‌ఎస్ డెక్కులు తయారు చేయడం మొదలుపెట్టింది. గెలిచినదీ ఓడినదీ ఒకే ఏడాదిలో ముగిశాయి: బీటా క్యాసెట్లను సోనీ 2016 మార్చిలో ఆపింది, వీహెచ్‌ఎస్ మిషిన్లను చివరిదాకా తయారు చేసిన జపాన్ సంస్థ ఫునాయ్ అదే ఏడాది జూలైలో ఆపేసింది.

మూడు డిస్కుల సినిమా

వీసీడీ ప్రమాణం 1993లో వచ్చింది. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాల బొమ్మ. రెండు డిస్కులు కలిపితే 148 నిమిషాలు. రెండున్నర గంటలు దాటే తెలుగు సినిమాకు మూడో డిస్కు కావాల్సిందే. ఫైటు మధ్యలోనో పాట మధ్యలోనో బొమ్మ ఆగిపోతే లేచివెళ్లి డిస్కు మార్చే పని ఇంట్లో పిల్లలది.

బొమ్మ పరంగా వీసీడీ గొప్పదేమీ కాదు. అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. మంచి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కు అటూ ఇటూ. కానీ టేపు చిక్కుకోదు, బూజు పట్టదు, వెనక్కి చుట్టాల్సిన పని లేదు, మిషిన్ చవక. చైనాలో కోట్లలో ఇండ్లకు చేరిన ఈ ప్లేయర్లు మన జిల్లా కేంద్రాల్లోని దుకాణాల దాకా వచ్చింది అందుకే. అమెరికాలో వీసీడీని పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఆసియాలో అది ఇంటింటి సరుకు. ఒక దేశపు అనుభవం మరో దేశానికి సాక్ష్యంగా పనికిరాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ రోజుల్లో ప్లేయర్లు, స్పీకర్ల డబ్బాల మీద పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉండేది: 5,000 వాట్స్ పీఎంపీఓ. దాన్ని చూసి కొన్నవాళ్లు లెక్కలేనంత మంది. అదే మిషిన్‌ను తిరగేస్తే వెనుక చిన్న రేకు మీద ఇంకో అంకె ఉంటుంది, అది ఎంత కరెంటు తీసుకుంటుందో చెప్పేది. గోడ ప్లగ్గు నుంచి వంద వాట్లు కూడా తీసుకోని మిషిన్ నిలకడగా వేల వాట్ల శబ్దం ఇవ్వలేదు. ఒకే పెట్టె మీద రెండు అంకెలు: ఒకటి అమ్మడానికి రాసింది, ఒకటి నియమం ప్రకారం రాయక తప్పనిది. రెండోదాన్ని చదవడం అలవాటైతే ఎన్నో మోసాలు తప్పుతాయి.

ఆరు రూపాయల తేడా

డీవీడీ పుట్టక ముందే ఒక పోరు తప్పింది. సోనీ, ఫిలిప్స్ ఒక డిస్కును, తోషిబా, టైమ్ వార్నర్ వర్గం ఇంకో డిస్కును పట్టుకొచ్చాయి. మళ్లీ బీటామ్యాక్స్ కథ నడిస్తే నష్టపోయేది తామేనని ఐబీఎం సహా కంప్యూటర్ కంపెనీలు అడ్డం తిరిగాయి, ఒకే ప్రమాణానికి తప్ప ఒప్పుకోమన్నాయి. 1995 సెప్టెంబరులో రాజీ కుదిరింది. ఒక పొరకు 4.7 గిగాబైట్లు పట్టే డీవీడీ 1996 నవంబరులో జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. 720×576 చుక్కలతో దాని బొమ్మ వీసీడీకి నాలుగింతలు. సినిమా మొత్తం ఒకే డిస్కులో.

అయినా మన ఊర్లలో వీసీడీ చాలా ఏండ్లు నిలబడింది. కారణం ధర. దాన్ని మార్చినది నోయిడా కేంద్రంగా డిస్కులు తయారు చేసిన మోజర్ బేర్. ఖాళీ డిస్కుల తయారీలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటైన ఈ సంస్థ 2007 ప్రాంతంలో సినిమాల వ్యాపారంలోకి దిగి వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి అమ్మింది. తేడా ఆరు రూపాయలు. నాలుగింతల బొమ్మ, ఒకే డిస్కు, ఆరు రూపాయలు ఎక్కువ: ఇక వీసీడీ వైపు వాదించడానికి ఏమీ మిగల్లేదు. అంత పెద్ద కంపెనీ కూడా 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది. ధర, తయారీ శక్తి రెండూ ఉన్నా రోజులు మారితే ఏ డిస్కూ ఏ కంపెనీనీ కాపాడలేదు.

అదే కాలంలో సంతల్లో, బస్టాండ్ల దగ్గర ఇంకో డీవీడీ అమ్ముడైంది: ‘ఫైవ్ ఇన్ వన్’. దొంగచాటుగా తయారైన ఒకే డిస్కులో ఐదు సినిమాలు. కవర్ మీద డీవీడీ అనే రాసి ఉంటుంది, ప్లేయర్ కూడా డీవీడీగానే చదువుతుంది. కానీ కాగితం మీద చిన్న లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. 4.7 గిగాబైట్లు రెండున్నర గంటల ఒక సినిమాకు ఇస్తే సెకనుకు సుమారు 4.2 మెగాబిట్లు దక్కుతాయి. అదే స్థలాన్ని ఐదు సినిమాలకు పంచితే ఒక్కోదానికి 0.84. వీసీడీలో బొమ్మకు ఇచ్చేదే 1.15. అంటే ఆ డీవీడీలోని సినిమాకు అందిన సమాచారం పాత వీసీడీ కంటే తక్కువ. డీవీడీ అన్న పేరు డిస్కు ఎంత మోయగలదో చెబుతుంది. అందులో నింపినవాడు ఎంత నింపాడో చెప్పదు.

డిస్కుల పోరులో ఇది పదేపదే మరచిపోయిన సంగతి. తర్వాత వచ్చిన పెద్ద యుద్ధంలో పండితులు కూడా ఇక్కడే తడబడ్డారు.

నీలి కాంతి యుద్ధం

డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్ వచ్చాక అంతే సైజు డిస్కులో కొన్ని రెట్లు ఎక్కువ సమాచారం పట్టించే వీలు కలిగింది. దాన్ని రెండు వర్గాలు రెండు దారుల్లో వాడాయి. తోషిబా నడిపించిన హెచ్‌డీ డీవీడీలో పొరకు 15 గిగాబైట్లు. దాని నిర్మాణం డీవీడీ లాంటిదే కాబట్టి పాత ఫ్యాక్టరీలను కొద్ది మార్పులతో వాడుకోవచ్చు. సోనీ, పానాసోనిక్ తదితర కంపెనీల బ్లూ-రేలో పొరకు 25 గిగాబైట్లు. దానికి కొత్త యంత్రాలు కావాలి.

బ్లూ-రేలో సమాచారపు పొర పై నుంచి 0.1 మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6 మిల్లీమీటర్లు. కాబట్టి బ్లూ-రే గీతలకు తట్టుకోదని ప్రత్యర్థులు గట్టిగా వాదించారు. అన్న రోజుకు ఆ మాట సరైనదే: 2003లో జపాన్‌లో వచ్చిన తొలి బ్లూ-రే రికార్డర్లలో డిస్కును ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి వాడాల్సివచ్చింది. తర్వాత టీడీకే కంపెనీ గట్టి పూత కనిపెట్టడంతో పెట్టె అక్కర లేకుండాపోయింది. పాత సాక్ష్యాన్ని పట్టుకుని కొత్త డిస్కు మీద తీర్పు చెప్పినవాళ్లు అప్పుడు పొరబడ్డారు.

2006 ఏప్రిల్‌లో అమెరికాలో తోషిబా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో శాంసంగ్ తొలి బ్లూ-రే ప్లేయర్ వెయ్యి డాలర్ల దగ్గర వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన సమీక్షకులు చాలామంది హెచ్‌డీ డీవీడీ బొమ్మే బాగుందన్నారు. కండ్లతో చూసిన సాక్ష్యం! కానీ వాళ్లు చూసింది ఫార్మాట్లను కాదు. శాంసంగ్ ప్లేయర్‌లో బొమ్మను మెత్తబరిచే ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచే ఆన్ చేసి వచ్చింది. తొలి బ్లూ-రే సినిమాల్లో చాలావాటిని పాత ఎంపెగ్-2 పద్ధతిలో, ఒకే పొర డిస్కుల మీద నింపారు. హెచ్‌డీ డీవీడీలు అంతకంటే పొదుపైన కొత్త పద్ధతిలో వచ్చాయి.

దీనికి తిరుగులేని రుజువు ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’. 2006లో బ్లూ-రేతో పాటే వచ్చిన ఈ సినిమా డిస్కు బొమ్మ బాగాలేదని విమర్శలు వెల్లువెత్తాయి. 2007లో సోనీ అదే సినిమాను మళ్లీ కొత్తగా తయారుచేసి విడుదల చేసింది. అదే ఫార్మాట్, అదే సినిమా, కానీ బొమ్మలో కొట్టొచ్చినట్టు తేడా. పోలికలో ఒక్క అంశమే మారాలి, మిగిలినవన్నీ అట్లనే ఉండాలి. ఆ నియమం తప్పితే కండ్లు కూడా అబద్ధమే చెబుతాయి.

తర్వాత లెక్కల పోరు మొదలైంది. విడిగా కొన్న ప్లేయర్లలో మావే ఎక్కువ అని హెచ్‌డీ డీవీడీ వర్గం అంటే, అమ్ముడైన డిస్కుల్లో మావే ఎక్కువ అని బ్లూ-రే వర్గం అంది. రెండూ నిజమే. బ్లూ-రే చదివే సోనీ ప్లేస్టేషన్ 3 ఆటల మిషిన్ 2006 నవంబరులో వచ్చింది. దాన్ని ప్లేయర్‌గా లెక్కిస్తే ఒక జవాబు, లెక్కించకపోతే ఇంకో జవాబు. అంకె తప్పు కాదు, దేన్ని లెక్కపెట్టారన్నదే మెలిక.

2007 ఆగస్టులో పారామౌంట్, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ హెచ్‌డీ డీవీడీ వైపు మాత్రమే ఉంటామని ప్రకటించాయి. అది నాణ్యతకు పడిన ఓటని కొందరు నమ్మారు. అందుకు ఆ రెండు సంస్థలకు కలిపి 15 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు అందాయని న్యూయార్క్ టైమ్స్ రాసింది. సొమ్ము తీసుకుని ఇచ్చిన ఓటు డిస్కు గురించి ఏమీ చెప్పదు. నవంబరులో వాల్‌మార్ట్ హెచ్‌డీ డీవీడీ ప్లేయర్‌ను వంద డాలర్లలోపుకే అమ్మింది. జనం ఎగబడ్డారు. చవక అన్న ఒక్క సాక్ష్యం మీద తీర్పు ఇచ్చినవాళ్లు వాళ్లు.

2008 జనవరి 4న అంతవరకు రెండు రకాల డిస్కులూ అమ్మిన వార్నర్ బ్రదర్స్ ఇక బ్లూ-రే మాత్రమేనని ప్రకటించింది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ వరుసగా అటే మొగ్గాయి. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. వంద డాలర్లకు మురిసి కొన్న ప్లేయర్‌కు నాలుగు నెలలు తిరగకముందే కొత్త సినిమాల దారి మూసుకుపోయింది. 1980లలో మన వీడియో లైబ్రరీల అరలు చెప్పిన తీర్పునే 2008లో అమెరికా దుకాణాలు చెప్పాయి.

గట్టు వైపు ఆ యుద్ధపు చప్పుడు పెద్దగా వినిపించనే లేదు. ఇక్కడి ఇండ్లు చాలావరకు బ్లూ-రే మెట్టు ఎక్కకుండానే డీవీడీ నుంచి నేరుగా ఫోన్‌కు దూకాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లా వయసూ, ఈ ప్రాంతంలో చవక ఇంటర్నెట్ వయసూ ఇంచుమించు ఒకటే.

కొనేముందు వేయాల్సిన నాలుగు ప్రశ్నలు

చెప్పేవాడికి ఏం లాభం? డబ్బా మీద రాసినవాడు, డబ్బు తీసుకుని ఓటేసినవాడు, నిల్వ సరుకు వదిలించుకునే దుకాణదారు చెప్పే మాట అబద్ధమే అని కాదు. దానికి వేరే చోట రుజువు దొరికే దాకా సగం బరువే ఇవ్వాలి.

సరిసమానంగా పోల్చారా? ఒకే సినిమా, ఒకే టీవీ, ఒకే రకం వైరు ఉండాలి. షోరూమ్‌లో ఒక టీవీలో క్రికెట్, ఇంకో టీవీలో సీరియల్ పెట్టి చూపితే అది పోలిక కాదు.

ఆ మాట ఏ రోజుది? గీతల వాదన లాగే చాలా మాటలు ఒకప్పుడు నిజం, తర్వాత కాదు.

ఎక్కడ ఆడాలి? ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. మన దగ్గరి పెండ్లి డీవీడీలు సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతివి. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. ఇక్కడ చక్కగా ఆడిన చెల్లె పెండ్లి డీవీడీ డల్లాస్‌లో ఉన్న అన్న ఇంటి ప్లేయర్‌లో ఆడకపోవడం ఒకప్పుడు మామూలు సంగతి. డిస్కు మంచిదే, ప్లేయర్ మంచిదే. ఎక్కడ చూస్తారన్నది ఎవరూ అడగలేదంతే.

ఇప్పుడు చేయాల్సిన పని

నేటి పోటీ రెండు డిస్కుల మధ్య కాదు. డిస్కుకూ ఫైలుకూ మధ్య. ఇక్కడ సాక్ష్యం ఒకే వైపు చూపుతోంది. నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో డీవీడీల సేవ ఆపింది. ఇంట్లో రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ముగించింది. టేపులది ఇంకా కష్టం: 2025 నాటికి డిజిటల్‌లోకి మార్చని టేపులు చాలావరకు పోయినట్టేనని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం ఏండ్ల కిందటే హెచ్చరించింది.

డిస్కు శాశ్వతమన్న మాటనూ పరీక్షించాలి. ఫ్యాక్టరీలో అచ్చు వేసే సినిమా డీవీడీ వేరు, స్టూడియోలో రాసే పెండ్లి డీవీడీ వేరు. రెండోదానిలో సమాచారం ఉండేది రంగు పొర మీద. ఎండ, వేడి దానికి పగ. 40 డిగ్రీలు దాటే ఇక్కడి వేసవిలో రేకుల ఇంటి అటక మీద పెట్టిన డిస్కు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫ్యాక్టరీవి కూడా మినహాయింపు కాదు: 2006 నుంచి 2008 మధ్య అచ్చయిన తమ డీవీడీల్లో కొన్ని చెడిపోతున్నాయని వార్నర్ బ్రదర్స్ 2025లో ఒప్పుకుంది. వీసీడీకి ఇంకో బలహీనత ఉంది. దానిలో సమాచారం బొమ్మ అంటించే పై వైపుకు అతి దగ్గరగా, సన్నని లక్క పూత కింద ఉంటుంది. మెరిసే అడుగు వైపు పడ్డ గీత కంటే పై వైపు బాల్‌పెన్నుతో రాసిన పేరు ఎక్కువ చెరుపు చేయగలదు.

స్టూడియోకు వెళ్లినప్పుడు ‘పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి’ అంటే చాలదు. ‘ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి’ అని అడగాలి. వీసీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ‘ఎంపెగ్ ఏవీ’ అనే ఫోల్డర్‌లో డాట్ (.DAT) ఫైళ్లు కనిపిస్తాయి. డీవీడీలో ‘వీడియో టీఎస్’ ఫోల్డర్‌లో వాబ్ (.VOB) ఫైళ్లు ఉంటాయి. ఆ ఫోల్డర్లను మొత్తంగా దింపుకోవాలి. ఫోన్‌లో చూడటానికి చిన్న ఫైలుగా మార్చినప్పుడల్లా బొమ్మ కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. అసలు కాపీ ఉంటే ఎన్ని చిన్న ఫైళ్లయినా చేసుకోవచ్చు. ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు, అది కూడా చెడిపోయే వస్తువే. ఇంట్లో హార్డ్ డిస్కులో ఒకటి, హైదరాబాద్‌లోనో వేరే ఊర్లోనో ఉన్న బంధువుల దగ్గర ఒకటి ఉంచాలి. ఏడాదికోసారి రెండూ తెరిచి చూడాలి. క్యాసెట్టును, డిస్కును పారేయకుండా నీడపట్టున నిలువుగా నిలబెట్టి దాచాలి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవ్ రావడం దాదాపు ఆగిపోయింది. పనిచేసే వీసీఆర్ ఉన్న స్టూడియోలు ఏటికేడు తగ్గుతున్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఆ మిషిన్లు, వాటిని నడపడం తెలిసిన చేతులు ఉన్నప్పుడే మీ క్యాసెట్లు, డిస్కులు తీసుకువెళ్లి కాపీలు చేయించుకోండి. ముందు క్యాసెట్లు, తర్వాత స్టూడియోలో రాసిన డిస్కులు.